మెడికల్ సీటుకి అప్లై చేస్తున్నారా? ర్యాంకు వచ్చేదాకా ఆగకుండా జనవరిలోనే మొదలుపెట్టాల్సిన పనులు

జూన్‌లో నీట్ ఫలితాలు వచ్చాక మా ఇంటికి వచ్చే తల్లిదండ్రుల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. పదో తరగతి మెమో, నాలుగు ఆధార్ జెరాక్సులు, ఎప్పుడో తీయించిన కులం సర్టిఫికెట్, పిల్లాడి పాత స్కూలు ఐడీ కార్డు, అన్నీ అందులోనే కలగాపులగంగా ఉంటాయి. "మేడమ్, ర్యాంకు పర్వాలేదు, ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతారు. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను, ఉండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. చుట్టుపక్కల ఏ ఇంట్లో బైపీసీ పిల్లలున్నా ఆ కవరు చివరికి మా టేబుల్ మీదకి చేరుతుంది. చాలా కవర్లలో ఏదో ఒక కాగితం ఉండదు, లేదంటే ఉన్నది పనికిరాదు. రెండేళ్లు నిద్ర మానుకుని చదివిన పిల్ల ఒక స్టడీ సర్టిఫికెట్ లేక కౌన్సెలింగ్‌లో ఇరుక్కుపోతే చూసి ఊరుకోవడం నావల్ల కాదు, అందుకే ఏ పని ఎప్పుడు చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో వరుసగా రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం అమ్మానాన్నలే చదవాలి. చదువు పిల్లలది, కాగితాలు మీవి. ఫిబ్రవరిలో ప్రీఫైనల్స్ రాసే పిల్లని తీసుకెళ్లి మీసేవలో క్యూలో నిలబెట్టకండి.

మొదటి పని: పేరు సరిచూసుకోవడం

ఇది జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో చేసేయండి. పదో తరగతి మెమో, ఆధార్, ఇంటర్ మొదటి సంవత్సరం మెమో, కులం సర్టిఫికెట్, నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, పెన్సిల్ పట్టుకుని ఇంగ్లీషు అక్షరం అక్షరం చదవండి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ.

నిరుడు పెందుర్తి వైపు నుంచి ఒకమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. పదో తరగతి మెమోలో పేరు చివర లక్ష్మి అన్నది కె, ఎస్, హెచ్‌లతో ఉంది, ఆధార్‌లో ఎక్స్‌తో ఉంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, అది కూడా పేరుకి చివర. కులం సర్టిఫికెట్‌లో తండ్రి పేరులో రావు ఉంది, మెమోలో లేదు. ఆ తల్లి "ఇంట్లో అందరం ఒకటే కదమ్మా, చదివితే ఒకేలా ఉంది కదా" అంది. మనకి చదివితే ఒకటే, కంప్యూటర్‌కి కాదు. నయం, వాళ్లు జనవరిలోనే వచ్చారు. ఆధార్ సెంటర్‌కి వెళ్లి పదో తరగతి మెమో ఆధారంగా ఆధార్‌లో పేరు మార్పించుకున్నారు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: నీట్ ఫారంలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అన్నీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. మిగతావాటిని దానికి సరిపోయేలా మార్చుకోండి, అవి తొందరగా అవుతాయి. తప్పు మెమోలోనే ఉంటే మాత్రం అది పెద్ద పని. స్కూలు హెడ్‌మాస్టర్ దగ్గర మొదలై, జిల్లా విద్యాశాఖాధికారి మీదుగా ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా వెళ్లాలి, నెలలు పడుతుంది. పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగానే ఒకసారి చూసుకుంటే ఈ బాధ ఉండదు.

రెండో పని: నీట్ ఫారం, మీ ఫోన్ నుంచి, మీ మెయిల్‌తో

2025లో నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7న మొదలై మార్చి 7న ముగిశాయి, తప్పులు దిద్దుకోవడానికి మార్చి 9 నుంచి 11 దాకా మూడంటే మూడు రోజులు ఇచ్చారు, పరీక్ష మే 4న జరిగింది, ఫలితాలు జూన్ 14న వచ్చాయి. ప్రతి సంవత్సరం తేదీలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు నమ్మకుండా పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లోనే చూడండి. ఫీజు ఆ సంవత్సరం జనరల్‌కి 1700, ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లో పేదలు), ఓబీసీ (కేంద్రం జాబితాలోని బీసీలు) వాళ్లకి 1600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 1000 రూపాయలు.

నెట్ సెంటర్‌లో ఫారం నింపించుకోవడం తప్పు కాదు, ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అక్కడ జరిగే పెద్ద తప్పు, సెంటర్ అబ్బాయి తన మెయిల్ ఐడీ, ఒక్కోసారి తన ఫోన్ నంబరు కూడా ఇచ్చేయడం. ఆ రోజుకి పని అయిపోతుంది. తర్వాత హాల్‌టికెట్‌కి, ఫలితాలకి, కౌన్సెలింగ్‌కి ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. జూలైలో అలాట్‌మెంట్ సమయంలో ఆ సెంటర్ మూసేసి ఉంటే, లేదా అతను ఊరెళ్తే, మీరు ఏం చేస్తారు? ముందే పిల్లల పేరు మీద కొత్త మెయిల్ తెరవండి, ఎప్పటికీ మార్చని ఫోన్ నంబరు ఇవ్వండి, అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. ఆ నోట్‌బుక్ కౌన్సెలింగ్ అయ్యేదాకా మీతోనే ఉండాలి.

ఫోటో విషయంలో కూడా చాలామంది జాగ్రత్తపడరు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ముఖం స్పష్టంగా, చెవులు రెండూ కనిపించాలి. జుట్టు చెవుల మీదకి వచ్చేలా దిగిన ఫోటో, పెళ్లిలో తీసిన ఫోటో నుంచి కట్ చేసింది వద్దు. స్టూడియోకి వెళ్లి ఒకేసారి పాస్‌పోర్ట్ సైజు ఇరవై, పోస్ట్‌కార్డ్ సైజు నాలుగైదు తీయించండి, పరీక్షకీ కౌన్సెలింగ్‌కీ అదే ఫోటో వాడండి. ఫోటోలో ఒకలా, పరీక్ష హాల్లో ఇంకోలా ఉంటే అనవసరంగా ప్రశ్నలు ఎదుర్కోవాలి. వేలిముద్రలు పెట్టేటప్పుడు ఇంకు పలచగా, గీతలు కనిపించేలా రావాలి. నల్లటి ముద్దలా వస్తే మళ్లీ పెట్టించండి.

తెలుగు మీడియంలో చదివిన పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ప్రశ్నపత్రం తెలుగులో కావాలని ఎంచుకుంటే తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న బుక్‌లెట్ ఇస్తారు. ఇంగ్లీషు ఎంచుకుంటే ఇంగ్లీషు మాత్రమే. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే చెల్లుతుంది. పాడేరు, అరకు, చింతపల్లి వైపు గురుకులాల్లో, ప్రభుత్వ స్కూళ్లలో పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలకి తెలుగు బుక్‌లెట్టే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే రెండూ ఎదురుగా ఉంటాయి, తెలియని పదం పక్కకి చూస్తే తెలుస్తుంది. నామోషీగా అనుకోవాల్సిన పని లేదు.

ఇక డబ్బు కట్టాక. ఖాతాలో డబ్బు పోయి, కన్ఫర్మేషన్ పేజీ రాకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకండి. కొంతసేపు ఆగి లాగిన్ అయి చూడండి. ఆ పేజీ డౌన్‌లోడ్ అయ్యేదాకా మీ దరఖాస్తు అయినట్టు కాదు. ఆఖరి రోజు రాత్రి ఈ పని పెట్టుకుంటే సర్వర్ సతాయిస్తుంది, మీకు టెన్షన్, పిల్లకి ఇంకా టెన్షన్. మొదటి పది రోజుల్లో ముగించేయండి.

మూడో పని: సర్టిఫికెట్లు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

ముందు సీట్లు ఎలా పంచుతారో తెలియాలి, లేకపోతే ఏ కాగితం ఎందుకో అర్థం కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆల్ ఇండియా కోటా, ఢిల్లీలో ఎంసీసీ అనే కమిటీ నింపుతుంది. మిగతా 85 శాతం మన రాష్ట్రానివి, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. మన ఆంధ్రా మెడికల్ కాలేజీనే తీసుకోండి. 1923 నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పక్కనే ఉన్న కాలేజీ, 250 సీట్లు. వాటిలో ముప్పై ఏడు దాకా ఆల్ ఇండియా కోటాలో పోతాయి, మిగతావి రాష్ట్రం కౌన్సెలింగ్‌లో వస్తాయి. అంటే రెండు చోట్లా విడివిడిగా రిజిస్టర్ అవ్వాలి, ఫీజులు వేరు, నియమాలు వేరు, కాగితాల నమూనా కూడా వేరు. నీట్ రాస్తే వాళ్లే పిలుస్తారు అనుకుని యూనివర్సిటీలో రిజిస్టర్ కాకుండా కూర్చున్న కుటుంబం నాకు తెలుసు. ఎవరూ పిలవరు.

ఇంకో సంగతి, పాత కటాఫ్‌లు వెతికేటప్పుడు కొన్ని సంవత్సరాల కాగితాల మీద వైఎస్సార్ హెల్త్ యూనివర్సిటీ అని కనిపిస్తుంది. 2022లో పేరు మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. రెండూ ఒకటే.

రాష్ట్రం సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులవి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. మామూలుగా ఇంటర్ పాసయ్యే నాటికి వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఏ ఏరియాలో చదివితే ఆ ఏరియా లోకల్. ఇల్లు ఎక్కడుందన్నది తర్వాతి మాట, చదివింది ఎక్కడన్నదే ముందు చూస్తారు. వైజాగ్‌లో సొంతిల్లు ఉంది, తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నాం, కాబట్టి లోకల్ అనుకుంటారు, పిల్లని మాత్రం ఇంటర్‌కి హైదరాబాద్‌లోనో రాజస్థాన్‌లోని కోటా ఊళ్లోనో చేర్పిస్తారు. ఆ చేర్పించే ముందు ఒక్కసారి ఆగి యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లో లోకల్ నిబంధన మొత్తం చదవండి, ఏడేళ్ల లెక్క కూడా ఒకటి అందులో ఉంటుంది. విజయవాడలో చదివితే ఇబ్బంది లేదు, అది మన ఏరియానే. ఇంటర్ ఇక్కడ పూర్తయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి ఎక్కడికెళ్లినా ఫర్వాలేదు, ఎందుకంటే లెక్క ఇంటర్‌తో ఆగిపోతుంది. నేవీలో ఉండి బదిలీల మీద తిరిగే కుటుంబాల పిల్లలకి ఇది నిజంగా ఇబ్బందే. వాళ్లు సైనికుల పిల్లల కోటా గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.

కాబట్టి అన్నిటికంటే ముందు తెచ్చుకోవాల్సింది స్టడీ సర్టిఫికెట్లు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఒక్క సంవత్సరం కూడా ఖాళీ లేకుండా. పిల్ల ఆరు, ఏడు ఒక స్కూల్లో, ఎనిమిది నుంచి ఇంకో స్కూల్లో చదివితే రెండు స్కూళ్లకీ వెళ్లాలి. ఇచ్చిన కాగితం అక్కడే నిలబడి చదవండి: ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఊరు, మండలం, జిల్లా, సంతకం, గుండ్రటి సీలు. సీలు లేని కాగితం తీసుకుని ఇంటికి రాకండి. వేసవి సెలవుల్లో స్కూల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు, అందుకే ఏప్రిల్ 20 లోపే ఈ పని అయిపోవాలి. ఆ స్కూలు ఈలోగా మూతపడిందనుకోండి, రికార్డులు ఎక్కడికి వెళ్లాయో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కదా, పాత కాగితం మీద విశాఖపట్నం జిల్లా అని, కొత్తదాని మీద అనకాపల్లి అనో అల్లూరి సీతారామరాజు జిల్లా అనో ఉంటుంది. దానికి కంగారుపడొద్దు, అన్నీ ఒకే లోకల్ ఏరియాలో ఉన్నవే.

తర్వాత కులం, ఆదాయం. మన దగ్గర బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అని రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ రాష్ట్ర కౌన్సెలింగ్‌కి పనికొస్తుంది. ఆల్ ఇండియా కోటాలో ఓబీసీ రిజర్వేషన్ కావాలంటే కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్ (బీసీల్లో బాగా ఉన్నవాళ్లు) కాదని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. అంతకంటే ముఖ్యం, రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మన ఉత్తరాంధ్రలోనే ఇక్కడ బీసీ అయి అక్కడ ఓబీసీ కాని కులాలు ఉన్నాయి. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ కులం పేరు చూసుకున్నాకే నీట్ ఫారంలో ఓబీసీ అని పెట్టండి.

ఈడబ్ల్యూఎస్ వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కుటుంబం ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలన్నది అందరికీ తెలుసు, కానీ ఆ సర్టిఫికెట్‌కి ఆర్థిక సంవత్సరం లెక్క ఉంటుందన్న సంగతి మర్చిపోతారు. ఫిబ్రవరిలో ఫారం కోసం తీసుకున్నది జూలైలో కౌన్సెలింగ్ నాటికి పాతదైపోతుంది. ఏప్రిల్ 1 దాటాక కొత్తది తీసుకోండి. సచివాలయంలోనో మీసేవలోనో అప్లై చేస్తే వీఆర్వో, ఆర్‌ఐ దాటి తహసీల్దార్ సంతకం అయి వచ్చేసరికి రోజులు పడతాయి, జూలైలో ఇంజనీరింగ్ వాళ్లు, డిగ్రీ వాళ్లు అందరూ అదే క్యూలో ఉంటారు. ఏప్రిల్ రెండో వారంలో వెళ్తే ఖాళీగా ఉంటుంది.

దివ్యాంగ పిల్లలుంటే రాష్ట్రం ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంది కదా అని ఆగకండి. ఎంసీసీ కౌన్సెలింగ్‌కి వాళ్లు గుర్తించిన కేంద్రాల్లోని మెడికల్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్టే చెల్లుతుంది. ఆ కేంద్రాల జాబితా ఎంసీసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

గాజువాక, ఆటోనగర్, పరవాడ ఫార్మాసిటీ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఇది తెలియదు. మీ జీతంలో ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్ అవుతుంటే, ఈఎస్‌ఐ మెడికల్ కాలేజీల్లో కార్మికుల పిల్లలకి విడిగా కొన్ని సీట్లు ఉన్నాయి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నది అలాంటి కాలేజీయే. అవి ఎంసీసీ ద్వారానే నింపుతారు, దానికి ఈఎస్‌ఐ వాళ్లు ఇచ్చే ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి, ఎన్నాళ్లు చందా కట్టారన్నది చూస్తారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు గడువు తక్కువ ఉంటుంది కాబట్టి మే నెల నుంచే ఈఎస్‌ఐ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. ఆ కోటాలో మామూలు కటాఫ్ కంటే తక్కువ మార్కులకి కూడా సీటు వచ్చే అవకాశం ఉంటుంది. మీ డబ్బుతో నడిచే కాలేజీలవి, అడగడానికి మొహమాటపడకండి.

అన్ని కాగితాలూ దొరికాక ఒక ఫైలు కొనండి, పారదర్శకమైన కవర్లు ఉండేది. ఒరిజినల్స్ ఒక వైపు, జెరాక్సులు మూడు సెట్లు ఇంకో వైపు. స్కానింగ్ మంచి స్కానర్ మీద చేయించండి, ఫోన్‌తో వంకరగా తీసి నీడ పడింది అప్‌లోడ్ చేస్తే అక్షరాలు కనిపించక వెనక్కి పంపుతారు. ప్రతి ఫైలుకి అందులో ఏముందో పేరు పెట్టండి. కులం సర్టిఫికెట్ ఉండాల్సిన చోట కరెంటు బిల్లు అప్‌లోడ్ చేసిన వాళ్లని చూశాను.

పరీక్ష రోజు

దీని గురించి ఎక్కువ చెప్పను. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, 180 ప్రశ్నలు, 720 మార్కులు. గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు, తర్వాత ఎంత ఏడ్చినా తెరవరు. సెంటర్ గాజువాకలో పడిందా, భీమిలి వైపు పడిందా, ముందు రోజే ఒకసారి వెళ్లి చూసి రండి. మే నెల ఎండ, సముద్రపు ఉక్క, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్, ఇవన్నీ కలిపి లెక్కేసుకుని పదకొండున్నరకల్లా సెంటర్ దగ్గర ఉండండి. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు వేసుకోవాలి, వాచీ వద్దు, పెన్ను వాళ్లే ఇస్తారు. హాల్‌టికెట్‌తో వచ్చే అన్ని పేజీలూ ప్రింట్ తీయండి, ఫోటోలు ముందే అతికించండి, కానీ ఇన్విజిలేటర్ ఎదుట పెట్టాల్సిన సంతకం ఇంట్లో పెట్టేయకండి. ఒరిజినల్ ఆధార్ మర్చిపోవద్దు.

నాలుగో పని: వెబ్ ఆప్షన్లు

వెబ్ ఆప్షన్లంటే ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడం. ఇక్కడ కూడా సీట్లు పోతాయి, అది కాగితం లేక కాదు, భయంతో.

నియమం చాలా సులువు. మీకు ఏది అన్నిటికంటే ఇష్టమో అది మొదట పెట్టండి, తర్వాత రెండోది, అలా కిందకి. "మనకి ఆంధ్రా మెడికల్ కాలేజీ రాదులే, మొదట పెడితే అనవసరంగా అవకాశం పోతుంది" అని చాలామంది అంటారు. పోదు. కంప్యూటర్ మీ ర్యాంకు వచ్చినప్పుడు పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మొదటిది దొరక్కపోతే రెండోది చూస్తుంది, మీకంటే తక్కువ ర్యాంకు వాళ్లకి ఇచ్చేసి మీకు లేదనదు. అలా కాకుండా, మనకి వచ్చేది ఇదేలే అనుకుని కింది స్థాయి కాలేజీని పైన పెడితే, అది దొరికిన వెంటనే ఆగిపోతుంది, కింద పెట్టిన మంచి కాలేజీని ఇక చూడదు. మా వీధిలో ఒకరు ఇంటికి దగ్గరని ఒక ప్రైవేటు కాలేజీని కాకినాడ రంగరాయ కంటే పైన పెట్టారు. పిల్లాడి ర్యాంకుకి రంగరాయ వచ్చేది. ఆ రోజు సాయంత్రం ఆ తండ్రి మా గుమ్మం మెట్ల మీద కూర్చుని ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు. నాకు ఇప్పటికీ ఆ కుటుంబం గుర్తొస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ తప్పు పది నిమిషాలు కూర్చుంటే దిద్దగలిగిందే.

అందుకే పొడుగు నోట్‌బుక్‌లో ముందు చేత్తో రాయండి. మొదట ప్రభుత్వ కాలేజీలు: విశాఖ, కాకినాడ, గుంటూరు, విజయవాడ సిద్ధార్థ. తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు, ఆపై 2023లో మొదలైన విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, 2024లో మొదలైన పాడేరు. ఈ వరుస నాది, మీది మీరు వేసుకోండి. కానీ అనుభవం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో రోగులు ఎక్కువ, పిల్లలు నేర్చుకునేది ఎక్కువ అన్నది మర్చిపోకండి. కేజీహెచ్ ఓపీ దగ్గర ఒక్క ఉదయం నిలబడితే నేను చెప్పేది తెలుస్తుంది. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా, అంటే తక్కువ ఫీజుతో యూనివర్సిటీ నింపే సీట్లు. ప్రైవేటులో సగం సీట్లు కన్వీనర్ కోటావి, 35 శాతం ఎక్కువ ఫీజు ఉండే బి కేటగిరీ, 15 శాతం ఎన్నారై. 2023లో మొదలైన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కూడా ఎక్కువ ఫీజుతో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెట్టారు. ప్రభుత్వ కాలేజీ కదా, ఫీజు తక్కువే ఉంటుందిలే అని చూడకుండా ఆ కేటగిరీ పెట్టేయకండి. ప్రతి ఆప్షన్ పక్కన కేటగిరీ, ఏడాది ఫీజు రాసుకోండి. కట్టలేని ఫీజు ఉన్న ఆప్షన్ పెట్టనే వద్దు, వచ్చాక ఏడ్చి లాభం లేదు.

రుషికొండలో ఉన్న గీతం మెడికల్ కాలేజీని రాష్ట్రం జాబితాలో వెతికి "కనిపించడం లేదేంటి మేడమ్" అని చాలామంది అడుగుతారు. అది డీమ్డ్ యూనివర్సిటీ (సొంతంగా డిగ్రీలిచ్చే సంస్థ) కిందది, కన్వీనర్ కోటా ఉండదు, సీట్లన్నీ ఎంసీసీ ద్వారానే. డీమ్డ్ కాలేజీలకి రిజిస్టర్ అవ్వాలంటే 2 లక్షల రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఆల్ ఇండియా కోటాకి మాత్రమే అయితే జనరల్ వాళ్లకి 10 వేలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకి 5 వేలు. మంగళగిరి, భువనేశ్వర్ ఎయిమ్స్ సీట్లు కూడా ఎంసీసీలోనే. ఉత్తరాంధ్ర పిల్లలకి భువనేశ్వర్ రైల్లో ఒక రాత్రి దూరం, మంచి ర్యాంకు ఉన్నవాళ్లు దాన్ని వదిలేయకండి.

రౌండ్ల నియమాలు ఓపిగ్గా చదవండి. ఎంసీసీలో మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు వద్దనుకుంటే నష్టం లేదు. రెండో రౌండ్‌లో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్‌కి ఇంకా బిగుస్తుంది. మిగిలిపోయిన సీట్లకి పెట్టే ఆఖరి స్ట్రే రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, మరుసటి ఏడాది నీట్ రాయనివ్వరు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో రెండో రౌండ్‌లో పై ఆప్షన్ వస్తే మొదట వచ్చిన సీటు దానంతటదే పోతుంది, మళ్లీ తిరిగి రాదు. కాబట్టి రెండో రౌండ్‌లో ఇప్పుడున్న కాలేజీ కంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. ఈ ఒక్క పనికి పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే అయిదేళ్ల పైన అక్కడ ఉండాల్సింది తనే.

ఫోన్లు మొదలవుతాయి

ఫలితాలు వచ్చిన మూడో రోజు నుంచి మీకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి. కన్వీనర్ కోటాలో సీటు ఇప్పిస్తాం, మూడు లక్షలు అడ్వాన్స్ ఇవ్వండి అంటారు. కన్వీనర్ సీటు, బి కేటగిరీ సీటు, ఏదైనా సరే, నీట్ ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. మధ్యలో ఇంకెవరికీ పని లేదు. ఫోన్ పెట్టేయండి.

విదేశాల్లో ఎంబీబీఎస్ కోసం ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే వాళ్లు డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కోర్సు కనీసం 54 నెలలా? మొత్తం ఇంగ్లీషులోనేనా? అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉందా? ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడివాళ్లలాగే ప్రాక్టీసు చేయడానికి లైసెన్స్ వస్తుందా? 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం ఇవి లేకపోతే ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావడం కుదరదు. నీట్‌లో అర్హత సాధించకుండా వెళ్లడం కూడా కుదరదు. జవాబులు నోటితో చెబితే సరిపోదు, ఆ యూనివర్సిటీ లెటర్ మీద చూపించమనండి.

చేరే రోజు

అలాట్‌మెంట్ ఆర్డర్ వచ్చాక రిపోర్టు చేయడానికి ఇచ్చే గడువు ఎప్పుడూ తక్కువే, ఒక్కోసారి మధ్యలో ఆదివారం వస్తుంది. ఫీజు డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉంచుకోండి, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆ రోజు తెరుద్దామనుకోవద్దు. యూనివర్సిటీ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాకే కాలేజీకి వెళ్లాలి, ఆ రసీదు ప్రింట్ తీసుకోండి. టీసీ ఇంటర్ కాలేజీలోనే ఉండిపోయిన పిల్లలు చాలామంది ఉంటారు, ఫీజు బాకీ ఉందని ఇవ్వకుండా తిప్పుతారు, ఆ గొడవ జూన్‌లోనే తేల్చుకోండి.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ వాళ్లు తీసుకుంటారు, మళ్లీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇచ్చే ముందు ప్రతిదీ రెండు వైపులా కలర్ స్కాన్ చేయించి మెయిల్‌లో దాచుకోండి. ఏయే కాగితాలు ఇచ్చారో జాబితా రాసి, దాని మీద కాలేజీ సీలు, తేదీ వేయించుకుని, ఆ కాగితం ఇంట్లో ఫైలులో, ఇందాక చెప్పిన నోట్‌బుక్‌తో పాటే పెట్టండి. స్కాలర్‌షిప్‌కి, హాస్టల్‌కి, బ్యాంకు లోన్‌కి మళ్లీ అవే అడుగుతారు.